కరుణకు గేటు వేళలు

"క్రీస్తు కరుణకు సరిహద్దులు లేవు, రాజకీయాలు అంతకన్నా లేవు" అని నాలుగు గజాల గుడ్డ మీద రాయించి, దాన్ని బస్సు ముందు కట్టుకుని, ఆస్ట్రేలియా నుంచి పద్దెనిమిది మంది కరుణామయులు పాలస్తీనాలోని బేత్‌జాలాలో దిగారు.

ఆ ఊరి నఖ్లేకి ఆ గుడ్డ తెగ నచ్చింది. చెట్టు కింద పరిచి ఆలివ్ కాయలు దులపడానికి సరిగ్గా సరిపోతుంది.

నఖ్లేవి నలభై మూడు చెట్లు, తాత నాటినవి. చెట్లు లోయలో ఉన్నాయి, నఖ్లే ఊళ్ళో ఉన్నాడు, మధ్యలో ఎనిమిది మీటర్ల గోడ ఉంది. గోడకో గేటు. కోతకని సైన్యం వాళ్ళు రెండు రోజులు అనుమతి ఇచ్చారు, అదీ నఖ్లేకీ భార్య హన్నేకీ మాత్రమే. కొడుకులు ముగ్గురికీ ఇవ్వలేదు. మొదటి రోజు మొగుడూ పెళ్ళాం నడుములు విరిగేలా దులిపితే ఆరు చెట్లయ్యాయి. మిగతావి రెండో రోజు దులపకపోతే కాయ నేలపాలు, ఏడాదంతా ఇంట్లో నూనె చుక్క ఉండదు.

నఖ్లే ముప్పై ఏళ్ళు యాత్రికులకు చెక్క శిలువలు అమ్మినవాడు. ఇంగ్లీషుకి లోటు లేదు. చర్చి గుమ్మంలో ఆ బృందం పెద్ద క్లైవ్ పాస్టరుగారిని పట్టుకున్నాడు.

"అయ్యగారూ, రేపొక్క రోజు మీవాళ్ళు చెయ్యేస్తే నా కాయలు ఇల్లు చేరతాయి."

అయ్యగారి కళ్ళు చెమర్చాయి. "మీ కోసం మా గుండె కరిగిపోతోంది బ్రదర్. కానీ కోత అంటే కాస్త రాజకీయం కదా."

"ఆలివ్ కాయా?"

"కాయ కాదు. ఎవరి కాయ అన్నది."

"మా తాతదండీ."

"చూశారా, మళ్ళీ అదే."

చివరికి చెట్ల దగ్గర పది నిమిషాలు ప్రార్థన, ఒక ఫొటో, ఒక ప్రకటన అని రాజీ కుదిరింది. ప్రకటన కోసం సాయంత్రమంతా కమిటీ కూర్చుంది. 'పాలస్తీనీయులు' అంటే ఒకవైపు ఒరిగినట్టుందని 'స్థానికులు' అన్నారు. 'గోడ' మొరటుగా ఉందని 'ఎత్తైన కట్టడం' చేశారు. 'బాధ' అంటే పెట్టిందెవరని అడుగుతారని దాన్నీ కొట్టేశారు. ఆఖరికి, "ఎత్తైన కట్టడం సమీపాన కొంత అసౌకర్యం పొందుతున్న స్థానికుల పట్ల మాకు కరుణ కలదు" అని తేలింది. ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరికీ అర్థమూ కాలేదు.

పొద్దున ఆరున్నరకి గేటు తీశారు. సైనికుడు నఖ్లే కాగితాలు మూడుసార్లు తిరగేశాడు. పద్దెనిమిది పాస్‌పోర్టుల అట్టలు చూసి లోపలికి పొమ్మన్నాడు.

"మా పెద్దాడు మిత్రీ ఈ ఊళ్ళోనే పుట్టాడు," హన్నే గొణిగింది. "వాడికి ఆస్ట్రేలియాలో పుట్టాలని తోచలేదు, వెధవకి."

ప్రార్థన అయింది, ఫొటో అయింది, ప్రకటనా అయింది. హోటల్లో ఫలహారం వేళవుతోందని అందరూ గేటు దగ్గరికి వచ్చారు. గేటుకి తాళం. అవతల పిట్ట లేదు.

"ఇదేమిటి బ్రదర్?"

"అంతే అయ్యగారూ. పొద్దున అరగంట, సాయంత్రం నాలుగింటికి అరగంట."

"ముందే చెప్పకూడదూ?"

"చెబుదామనే అనుకున్నా. గేటు వేళలు రాజకీయమవుతాయేమోనని ఊరుకున్నా."

అయ్యగారు రాయబార కార్యాలయానికి ఫోన్ చేశారు. వాళ్ళు నాలుగింటిదాకా ఓపిక పట్టమన్నారు. అప్పుడాయన ఎండలో నిలబడి, కమిటీ కొట్టేసిన మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా అరిచారు. "ఇది గోడ! ఇది జైలు! మనుషుల్ని ఇలా బంధించే హక్కు ఎవరికుంది?"

"మిత్రీ నాన్నా, ఆయనకి కాసిని నీళ్ళివ్వు," అంది హన్నే మొగుడితో. "పాపం, స్థానికుడైపోతున్నాడు."

బృందంలో డోరీన్ అని డెబ్బై ఏళ్ళావిడ ఉంది. పూర్వం నర్సు. కమిటీకి ఆమెనెవరూ పిలవలేదు. ఫొటో కోసం తెచ్చిన గుడ్డ తీసి చెట్టు కింద పరిచింది.

"కూర్చుంటే నా మోకాళ్ళు పట్టేస్తాయమ్మా. కర్ర ఎలా పట్టుకోవాలి?"

హన్నే చూపించింది. ఇంకొకరు లేచారు, ఇంకో ఇద్దరు లేచారు. చేసేందుకు వేరే పనేదీ లేదు మరి. నాలుగయ్యేసరికి నాలుగు చెట్లు మిగిలాయి, అంతే. సరిహద్దులు లేని కరుణ మీద కాయలు మోకాలెత్తు పడ్డాయి.

గేటు తీసిన సైనికుడికి హన్నే మిగిలిన రొట్టె చేతిలో పెట్టింది. "మొహం చూడు, మధ్యాహ్నం తిన్నట్టు లేడు," అంది. దానికి ఏ కమిటీ కూర్చోలేదు.

బస్సెక్కగానే అయ్యగారు రెండు పేజీల ఫిర్యాదు రాశారు. అందులో 'గోడ' పదకొండుసార్లు ఉంది. 'అన్యాయం', 'అవమానం' లెక్కలేదు. సాక్షి సంతకం చెయ్యమని కిటికీలోంచి అందించారు.

నఖ్లే కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివాడు. కలం తీసుకుని ఓపిగ్గా కొట్టేసుకుంటూ పోయి, కింద ఒక్క వాక్యం రాసి తిరిగిచ్చాడు.

"ఎత్తైన కట్టడం సమీపాన పద్దెనిమిది మంది యాత్రికులు కొంత అసౌకర్యం పొందిరి. వారి పట్ల నాకు కరుణ కలదు. ఇట్లు, నఖ్లే, స్థానికుడు."