కుటుంబ సభలో ఖరారైన వరుస

చిన్న డాక్టరమ్మ రాబోయే మూడేళ్లు ఏ ఆసుపత్రిలో రెసిడెంటుగా శిక్షణ పొందాలనే అంశంపై ఆదివారం ఉదయం వారి ఇంటి హాల్లో సమావేశం జరిగింది. మేనమామగారు అధ్యక్షత వహించారు. భూముల కొలతల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన వ్యక్తి గనుక హెచ్చుతగ్గులు తేల్చడంలో ఆయన అనుభవం ప్రశ్నించరానిది. చిన్న డాక్టరమ్మకూ ఆహ్వానం అందింది. కాఫీలు ఇచ్చాక కూర్చోవచ్చన్నారు.

డాక్టర్లు తమకు కావలసిన ఆసుపత్రులను వరుసగా రాసి పంపాలి. ఆసుపత్రులూ డాక్టర్ల వరుస పంపుతాయి. రెండూ సరిచూసి ఎవరు ఎక్కడికో కంప్యూటరు చెబుతుంది. ఆపైన అప్పీలు లేదు. గడువు మర్నాడు సాయంత్రం ఐదు గంటలు.

ఆమె మూడు చోట్లకు వెళ్లి ఇంటర్వ్యూలు ఇచ్చి వచ్చింది. అద్దాల ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు ముప్పావుగంట ప్రసంగించారు. "మా సంస్థలో పొరపాటన్నది జరగదు. జరిగినట్టు ఒక్క కాగితం చూపించండి" అన్నారు. రెసిడెంట్ల కోసం కట్టించిన వ్యాయామశాలను సగర్వంగా చూపించారు. తాళం తుప్పు పట్టి తెరుచుకోలేదు. లిఫ్టులో ఒక రెసిడెంటు నిలబడే నిద్రపోతుంటే, "అంకితభావం" అని పరిచయం చేశారు.

వందేళ్ల ఆసుపత్రిలో క్రమశిక్షణ ఎక్కువ. మొదటి ఏడాది ఫైళ్లు మోయాలి. రెండో ఏడాది ఫైళ్లు మోసేవారిని అజమాయిషీ చేయాలి. మూడో ఏడాది, ప్రవర్తన బాగుంటే, రోగిని ముట్టుకోవచ్చు.

మూడోది బస్టాండు వెనక, గోడల పెచ్చులూడిన చిన్న ఆసుపత్రి. ఆమె వెళ్లిన ఉదయం పెద్ద డాక్టరమ్మ అందరి ముందూ, "నిన్న ఏడో మంచం ఆయనకి నేను రాసిన మందు తప్పు. ఈ రెసిడెంటు అమ్మాయి చూసి ఆపింది. ఎక్కడ పొరబడ్డానో చెప్తాను, వినండి" అని బోర్డు దగ్గరికి నడిచింది. చిన్న డాక్టరమ్మ బస్సు ఎక్కడం మరిచిపోయి ఇంటిదాకా నడిచి వచ్చింది.

సభలో ఈ సంగతి చెప్పగానే మేనమామగారు కళ్లజోడు తీశారు.

"పెద్ద డాక్టరే తప్పు చేసే చోట నువ్వేం నేర్చుకుంటావే?"

"ఒప్పుకుంది కాబట్టే ఆయన బతికాడు మామయ్యా."

"బతికాడు, సంతోషం. ఆ సంగతి బయట బోర్డు మీద రాశారా?"

అక్క భర్త భవనానికి, పార్కింగుకు, ఫోటోలకు మార్కులు వేసి తయారుచేసిన పట్టిక చదివారు. తండ్రి, "పేరు చెప్తే నలుగురికీ తెలియాలి కదమ్మా" అన్నారు. తల్లి, "కాస్త నిద్ర ఎక్కడ పోనిస్తారే?" అని అడిగింది. అజెండాలో లేనందున ఆ ప్రశ్న నమోదు కాలేదు. అద్దాలది ఒకటి, వందేళ్లది రెండు, పెచ్చులది జాలి కొద్దీ మూడు అని ఏకగ్రీవంగా తీర్మానించారు. మేనమామగారు చెబుతుంటే ఆమే టైపు చేసింది. పంపడం మాత్రం రేపన్నారు, ఆదివారం మంచి ముహూర్తం లేదని.

పుట్టి బుద్ధెరిగాక ఆమె పెద్దల మాట దాటలేదు. సోమవారం నాలుగూ నలభైకి గదిలో ఒంటరిగా కూర్చుని మూడును ఒకటి చేసింది. పంపేసింది.

నెల తర్వాత ఫోనుకు కబురొచ్చింది: "మీ మొదటి ఎంపిక ఖరారైనది." భుజం మీదుగా తండ్రి ఆ ఒక్క ముక్కే చదివి బంధువులందరికీ ఫోన్లు చేశారు. మేనమామగారు తన అధ్యక్షతను వినయంగా గుర్తుచేశారు. ఆమె రెండుసార్లు నోరు తెరిచింది. అభినందనల్లో ఎవరికీ వినబడలేదు.

చేరే రోజున పెట్టె మోసుకొచ్చిన తండ్రి ఆ గోడల ముందు ఆగిపోయారు.

"ఇదేంటమ్మా?"

"నా మొదటి ఎంపిక నాన్నా."

ఆయన పెట్టె కింద పెట్టారు. ఈలోగా ఫోను మోగింది. "ఆఁ, మొదటిదే వచ్చింది బావగారూ" అన్నారు స్థిరంగా. ఆ మాటలో అబద్ధం లేదు.

రెండో రోజు వార్డులో ఒక ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంతకీ నువ్వు దేనికి డాక్టరువి తల్లీ?" అని అడిగాడు. గుండెకో, ఎముకలకో, పసిపిల్లలకో, ఆ ప్రశ్న అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు.

ఇంతదూరం చదివారు. మీరూ అడగలేదు.