నీళ్ళ మీటరు న్యాయం

వీధిలో అందరి కొలతలూ తీసే దర్జీగారికి కట్టుకున్న భార్య కొలతే అంతు చిక్కలేదు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు ఆవిడ మధ్యాహ్నం అంట్లలో సగం వాటా ఆయనకు అంటగట్టింది. "ఇవాళ మీరు, రేపు నేను" అట! ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఆలోచించి, ఆలోచించి, ఓ ఉపాయం కత్తిరించాడు.

"అదృష్టానికి వదిలేద్దామే. భోజనాలయ్యాక గుమ్మం పక్క నీళ్ళ మీటరు చూద్దాం. ఆ లీటర్ల అంకెని మూడుతో భాగిస్తే శేషం రాకపోతే నేను తోముతా. వస్తే నువ్వు."

వరసగా వచ్చే ప్రతి మూడు అంకెల్లో ఒక్కటే తనది, రెండు ఆవిడవి. ఆ సంగతి ఆవిడకు తట్టదని ఆయన ధీమా.

"అలాగే లెండి," అంది ఆవిడ. మరీ తొందరగా అంది.

మొదటిరోజు 48,216. దర్జీ చీటీ వెనక భాగహారం చేశాడు. శేషం సున్నా. మర్నాడూ సున్నా. పన్నెండు రోజులు వరసగా సున్నాలే! నానిన వేళ్ళలోంచి సూది జారిపోతోంది.

"మీటరుకి మీరంటే ఎంత ప్రేమండీ!"

"మూడు నాకు అచ్చిరాలేదు. రేపట్నుంచి తొమ్మిది!"

తొమ్మిదికీ సున్నాయే వచ్చింది. కాకపోతే ఆరోజు కుండీల్లో మొక్కలు పీకల్దాకా మునిగి ఉన్నాయి. అప్పుడు వెలిగింది ఆయనకు. రోజూ వడ్డనకు ముందు ఈవిడ మొక్కలకు నీళ్ళు పోయడం, మీటరు వంక ఓ చూపు విసరడం!

మర్నాడు వంట కాగానే మీటరు పక్క వాల్వు బిగించేశాడు. 51,834. భాగిస్తే శేషం మూడు. ఆ సంబరంలో వాల్వు సంగతే మరిచి, ఈల వేసుకుంటూ, మిషను నూనె వదిలించుకుందామని ముఖం నిండా సబ్బు పట్టించాడు. గొట్టంలో మిగిలిన నీళ్ళు అంతటితో సరి.

"ఏమేవ్! ఆ వాల్వు తిప్పు!"

"కట్టింది మీరేగా? తిప్పమంటారా, వద్దంటారా?"

"కళ్ళు మండిపోతున్నాయే తల్లీ!"

నీళ్ళు వచ్చాయి. కాసేపటికి టక్కున ఆగిపోయాయి.

"ఇంకా చెవుల్లో నురగుందే!"

"చెవులు భోజనమయ్యాక చూసుకుందాం లెండి."

భోజనాలయ్యాయి. మీటరు 51,840. శేషం సున్నా.

"కాగితం పట్టకుండా ఎలా కనిపెట్టావే?"

"అంకెలు కూడండి. ఐదు, ఒకటి, ఎనిమిది, నాలుగు. పద్దెనిమిది. ఆ మొత్తం తొమ్మిదికి లొంగితే అసలు సంఖ్యా లొంగుతుంది. మూడుకీ ఇదే చిట్కా."

"ఇది మోసం!"

"మూడింట రెండు రోజులు నాకు తగిలించడమో?"

దర్జీగారు చెవిలో నురగ తుడుచుకున్నాడు. పీచు అందుకున్నాడు.

"సరేలేవే, తప్పు నాదే. ఎగ్గొడదామనే మొదలెట్టాను. సగం సగమే న్యాయం."