మొక్కకీ మొక్కకీ మధ్య కుడి

ఈ ఏడాదిని ‘వేళ్ల సంవత్సరం’గా వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు. వేళ్లు భూమిలో ఉంటాయని మాత్రమే తెలిసిన ప్రజలు, వాటికో సంవత్సరం కూడా ఉందని విని పొంగిపోయారు. ప్రకటన టైపు చేసింది నేనే కనుక నేను కాస్త ఎక్కువే పొంగాను.

మర్నాడే పరిశోధనా క్షేత్రం నుంచి శాస్త్రవేత్త మేడం ఫైలు పట్టుకొచ్చారు. మూడేళ్లుగా మొక్కజొన్న వేళ్ల మీద ఆవిడ ప్రయోగం. ఇంకో నెలలో మడులు తవ్వి వేళ్లు కొలిస్తే పూర్తవుతుంది. మంత్రిగారి సంతకం పడకపోతే మాత్రం ఆ మడులు చదును చేసి, సభకొచ్చే కార్లకి పార్కింగ్ చేస్తారు. ఏ సభ అంటారా, వేళ్ల సంవత్సరం సభే.

మంత్రిగారు ఫైలు స్వయంగా చదివారు. అదీ ఆయన గొప్పతనం.

“తడి తగ్గితే వేరు లోతుకు దిగును... భేష్! కాలవకి నీళ్లు రాలేదని గోల చేసేవాళ్లకి ఇదే చెప్పండి.” తర్వాతి వాక్యం దగ్గర కళ్లజోడు తీశారు. “మొక్కల మధ్య ఎడం పెరిగితే వేరు బలపడును... ఏంటమ్మా ఇది? ఎడం పెరగాలా? వామపక్షం వాళ్లు నీకేమవుతారు?”

“ఎడం అంటే దూరం సార్. మొక్కకీ మొక్కకీ మధ్య ఖాళీ.”

“నాకు తెలుసమ్మా. ఓటర్లకి తెలియాలిగా? ఎడం తీసేసి కుడి అని పెట్టు, ఇప్పుడే సంతకం పెడతా.”

మేడం చాలాసేపు తన గోళ్లలోని మట్టికేసి చూసుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది.

“మాటేదైతేనేం సార్, మొక్కలు బతికితే చాలు,” అన్నారు చివరికి.

నేను కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కి, ఎడం ఉన్నచోటల్లా కుడి చేశాను. సంతకం పడింది. ఆ వాక్యమే ఉత్తర్వై క్షేత్రానికి వెళ్లింది: “మొక్కల మధ్య కుడి పెంచవలెను.”

సాయంత్రమే క్షేత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

“కుడి ఎంత పెంచాలండీ?”

“ఉత్తర్వులో ఎంతుంటే అంత.”

“ఎంతో లేదండీ.”

“అయితే ఎంత కుదిరితే అంత.”

మూడో రోజుకి మొక్కలు పీకి, కుడివైపు గట్టునానుకుని నాటేశారు. వేలు దూరే సందు లేదు. మంత్రిగారు వచ్చి చూసి, ఇంత ఐకమత్యం మా పార్టీలో కూడా లేదని మెచ్చుకున్నారు. మేడం కాళ్లావేళ్లా పడి ఒక్క మడిని మాత్రం ఆపించగలిగారు. ఆ ఒక్కటి మిగిలినా వేళ్లు కొలుచుకోవచ్చని ఆవిడ ఆశ.

వారం తిరక్కుండా మంత్రిగారి పార్టీ వామపక్షంతో పొత్తు పెట్టుకుంది. పొద్దున్నే నాకు కబురొచ్చింది, కుడి తీసేసి ఎడం పెట్టమని. మళ్లీ మీట నొక్కాను. మేడం రాసిన మాట ఆవిడకి తిరిగొచ్చింది. నాకెంత సంతోషమేసిందంటే, శుభవార్త చెబుదామని నేనే క్షేత్రానికి ఫోన్ చేశాను. సూపర్‌వైజర్ ఎత్తాడు.

“మొక్కల మధ్య ఎడం పెంచవలెను,” అని చదివి వినిపించాను.

“అర్థమైందండీ,” అన్నాడు. “ఆ మిగిలిన మడిలోవి ఇవాళే ఎడం గట్టుకి మార్చేస్తాం.”