తలా ఒక చిటికెడు

ఆ రోజు పొద్దున నాలుగో తరగతి టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లల్ని బడి వెనకున్న వాగు దగ్గరికి తీసుకెళ్ళాలి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూపించాలి, తీసుకెళ్ళిన పిల్లల్ని తీసుకెళ్ళినట్టే వెనక్కి తీసుకురావాలి. ఈ మూడింటిలో చివరిదే కష్టమని అనుభవజ్ఞులు అంటారు. ఆమెకు మాత్రం మొదటిదే కష్టమయింది. తరగతికీ వాగుకూ మధ్య ఒక ప్రహరీగోడ, ఒక హెడ్మాస్టరు అడ్డంగా ఉన్నారు. గోడకైనా గేటుంది.

అసలు ఈ ఆలోచన పుట్టింది డ్రాయింగు పీరియడ్లో. వాగు బొమ్మ వెయ్యండర్రా అంటే సగం మంది కుళాయి బొమ్మ వేశారు. మిగతా సగం మంది పక్కవాళ్ళ కుళాయి చూసి వేశారు. బుజ్జమ్మ అని అందరూ పిలిచే ఒక పిల్ల మాత్రం నీళ్ళసీసా వేసి, ఒలికిపోకుండా మూత కూడా బిగించింది. వాగు గోడకు అవతల రోజంతా గలగల వాగుతూనే ఉంది. ఇవతల వీళ్ళు అంతకన్నా ఎక్కువ వాగుతుండటం వల్ల ఎవరికీ వినపడలేదంతే. టీచరుకు ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడే వెళ్ళి హెడ్మాస్టరుగారి ముందు నిలబడింది.

"వాగా? వాగు పుస్తకంలోనే ఉంది కదమ్మా?" అన్నారాయన.

"ఆ పాఠంలో తడి లేదు సార్."

"తడి ఉంటే జలుబు చేస్తుంది."

"పిల్లలు వాగంటే కుళాయి అనుకుంటున్నారు సార్."

"అనుకోనీ. రెండిట్లోంచీ నీళ్ళేగా వచ్చేది?" అని ఆయన కాసేపు గోడకేసి చూసి, "సరే, ఒక్కసారి వెళ్ళిరండి. కానీ ఏ చిన్న గొడవ జరిగినా, ఈ బళ్ళో గేటు దాటిన పాఠం ఇదే మొదలు, ఇదే ఆఖరు. చదువంటే నాలుగు గోడల మధ్య సాగాలమ్మా. నన్ను చూడు, ముప్ఫై ఏళ్ళుగా ఈ గోడల మధ్యే ఉన్నాను," అన్నారు.

"చూస్తూనే ఉన్నాను సార్," అంది టీచరు జాలిగా.

టీచరు భర్త ప్లంబరు. గోడలో గొట్టం ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి ఆయన ఒక రంగుపొడి వాడేవాడు. చూడటానికి ఇటుకపొడిలా ఎర్రగా ఉంటుంది, నీళ్ళు తగిలాయంటే చిలకపచ్చ. పిల్లలకు ప్రవాహం కంటికి కనపడాలని ఆమె అడిగితే, ఆయన డబ్బా తీసి చేతిలో పెట్టాడు.

"తాగినా ఏమీ కాదులే. కానీ ఒక్క చిటికెడే సుమా! అంతకన్నా వేశావంటే ఊరు పచ్చగా ఉంటుంది."

ఊరు పచ్చగా ఉండాలని దీవించేవాళ్ళనే చూశాం గానీ, ఉంటుందని బెదిరించినవాడు ఈయనొక్కడే. ఆమె కూడా ఒక్క చిటికెడే వెయ్యాలనుకుంది. ఒట్టు. ఇక్కడిదాకా ఎవరి తప్పూ లేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, వాగు ఒడ్డున పిల్లల్ని వరసగా నిలబెట్టి, డబ్బా మూత తీసి, "ఎవరు వేస్తారు?" అని అడిగిందామె. పసిపిల్లల బళ్ళో చచ్చినా అడగకూడని ప్రశ్న అది. తరగతిలో ఎన్ని చేతులున్నాయో అన్నీ లేచాయి. కొందరు రెండేసి ఎత్తారు.

"ఒక్కరే వెయ్యాలర్రా. మానిటరు వేస్తాడు."

"అదేంటి టీచర్! ఒకళ్ళకిచ్చి ఒకళ్ళకి ఇవ్వకపోతే పాపమని మీరే కదా చెప్పింది!"

నిజమే, చెప్పింది. రంగు చాక్‌పీసుల దగ్గర చెప్పింది, కిటికీ పక్క సీటు దగ్గర చెప్పింది, ఆఖరికి తిట్లు కూడా ఆ తరగతిలో సమానంగానే పంచుతుంది. ఆ సూత్రం ఇవాళ వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. ఏం చేస్తుంది? "తలా ఒక చిటికెడు. చిన్న చిటికెడు!" అంది.

మానిటరు వేసిన చిటికెడుకు వాగు మీద సన్నటి పచ్చదారం ఒకటి సాగింది. రాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ, సుడి దగ్గర ఆగి ఆలోచించి, మళ్ళీ కదిలింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. టీచరు చెప్పాలనుకున్న పాఠమంతా వాగే చెప్పేసింది. అక్కడితో ఆగి ఉంటే ఇది పాఠమే అయ్యేది, కథ అయ్యేది కాదు.

చిటికెడు అనేది వేళ్ళను బట్టి ఉంటుంది, వేళ్ళు పిల్లవాణ్ణి బట్టి ఉంటాయి. ఒకడి చిటికెడు గుప్పెడంత. తుమ్మొచ్చి చెయ్యి కదిలినవాడికి ఇంకో చిటికెడు ఇవ్వాల్సి వచ్చింది. అందరూ అయ్యాక, "మీరు వెయ్యకపోతే పాపం టీచర్," అని ఆమె చేత కూడా వేయించారు. అప్పటికి వాగు వాగులా లేదు. పచ్చలైటు పడ్డ కూడలిలో బండ్లలా, ఒక్కసారిగా మలుపు తిరిగి ఊరి మీదికి పోయింది.

ఊళ్ళో వాగు నీళ్ళను మొదట తాకేది లాండ్రీ. లాండ్రీ ఆయన ఆస్పత్రి డాక్టర్ల తెల్లకోట్లన్నీ నానబెట్టి, వాగులోంచి పంపుతో నీళ్ళు తోడి జాడించాడు. తీసి చూస్తే కోట్లు తెల్లగా లేవు, ఆయన ముఖం మాత్రం తెల్లబోయి ఉంది. పంపు పాడయిందేమోనని ప్లంబరుకు ఫోను చేశాడు. ఆ పచ్చదనం గురించి విన్న మరుక్షణం ప్లంబరు పెళ్ళానికి ఫోను చేశాడు.

"ఏమేవ్, ఎంత వేశావ్?"

"తలా ఒక చిటికెడండీ."

"తలలెన్ని?"

"ఇవాళ అందరూ వచ్చారు. బయట పాఠమనేసరికి ఒక్కడికీ కడుపునొప్పి రాలేదు."

"డబ్బాలో ఎంత మిగిలింది?"

"డబ్బా మిగిలింది."

"ఓరి దేవుడో!"

"ఏవండీ, ఇది హెడ్మాస్టరుగారి చెవిన పడితే ఇంక జన్మలో పిల్లల్ని గేటు దాటనివ్వరు. ఇవాళే మొదటిసారి వీళ్ళు నీళ్ళకేసి నోరు మూసుకుని చూశారండీ!" అంది. ముక్కు చీదింది.

"ఏడవకు. నువ్వేడిస్తే ఆ నీళ్ళు కూడా వాగులోకే పోతాయి. వస్తున్నా ఉండు."

ఆయన వచ్చేలోగా వాగు ఆగదు కదా. లాండ్రీ దాటితే రిటైర్డ్ జడ్జిగారి తోట. ఆయన తెల్లబాతులు పొద్దుటి ఈతకు దిగి, చిలకలై ఒడ్డెక్కాయి. జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకుని చూశారు, మళ్ళీ తుడుచుకున్నారు, తర్వాత నీటి సరఫరా ఇంజనీరుకు ఫోను చేశారు.

ఇంజనీరు అప్పుడు మంగలి షాపులో ఉన్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప నురగలో ఉంది. "పచ్చగానా? ఏ ఫ్యాక్టరీ వదిలిందో ఏమో! కుళాయిలకీ ఆ వాగు నీళ్ళే కదా! ఊరంతా నీళ్ళు కట్టెయ్యండి, వెంటనే!" అని తన ఆఫీసుకు ఆర్డరేశాడు. ఆర్డరు అమలవడంలో అంత చురుకుదనం ఆయన సర్వీసులోనే చూసి ఉండడు. ముందు ఎండిపోయింది ఎదురుగా ఉన్న మంగలి కుళాయే.

"కడగడానికి చుక్క లేదు సార్. ఎవరో బుద్ధిలేని వాళ్ళు కట్టేసినట్టున్నారు," అన్నాడు మంగలి. ఇంజనీరు నురగతోనే లేచాడు.

అలా ఒక చేత్తో పచ్చకోటు పట్టుకున్న లాండ్రీ ఆయన, చంకలో బాతుతో జడ్జిగారు, సగం గడ్డంతో ఇంజనీరు, దారిలో వాళ్ళతో కలిసిన ప్లంబరు, రంగు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడటానికి వాగు వెంట పైకి నడిచారు. రంగు ఎక్కడికి పోతోందో చూడటానికి పిల్లలు, వాళ్ళ వెనకే టీచరు వాగు వెంట కిందికి పరుగెత్తారు. రోడ్డు కింది తూము దగ్గర రెండు బృందాలూ ఎదురుపడ్డాయి.

"ఎవరు చేశారమ్మా ఈ పని?" అని గద్దించాడు ఇంజనీరు.

టీచరు నీళ్ళు నమిలింది. నిజం దాచడం ఆమె పిల్లలకు నేర్పలేదు.

"నేనే సార్!"

"నేను కూడా సార్! నాదే పెద్దది!"

"నేను రెండుసార్లు సార్, తుమ్మొచ్చింది!"

నేరం ఒప్పుకోవడానికి ఇంత తోపులాట జడ్జిగారు కోర్టులో ఎన్నడూ చూడలేదు. ఈ సందడిలో బుజ్జమ్మ ఒక్కతే వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నాది గాలికి పోయింది సార్. నీళ్ళల్లో పడలేదు."

"ఏడవకు తల్లీ, నువ్వు నిర్దోషివి," అన్నారు జడ్జిగారు.

ఆ పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

ప్లంబరు ముందుకొచ్చి, అది గొట్టాలు చూసే రంగేనని, మనిషికీ బాతుకీ ఏమీ కాదని, ఎండ తగిలితే సాయంత్రానికి విరిగిపోతుందని చెప్పాడు. ఇంజనీరుకు ఆ రంగు తెలుసు. తెలిసిన రంగు కోసం ఊరంతా నీళ్ళు కట్టేశానని తెలిసి ఆయన నీరుగారిపోయాడు. ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద తీరాలి.

"దీనికి పర్మిషన్ ఎవరిచ్చారు? పదండి మీ హెడ్మాస్టరు దగ్గరికి!"

టీచరు కాళ్ళీడ్చుకుంటూ బయల్దేరింది. వెనకాల పిల్లలు ఊరేగింపులా కదిలారు.

హెడ్మాస్టరుగారి గది తలుపు ముందు ఆయమ్మ స్టూలేసుకుని కూర్చుని ఉంది. "సార్ ముఖ్యమైన పనిలో ఉన్నారు. రోజూ ఈ వేళకి లోపల గడియేసుకుంటారు. పిడుగు పడ్డా పిలవొద్దన్నారు."

"పిడుగులు వచ్చాయని చెప్పు," అన్నాడు ఇంజనీరు పిల్లలకేసి చూస్తూ.

తలుపు తట్టారు. పలకలేదు. బాదారు. ఉలుకులేదు. "అయ్యో, మా సార్‌కి ఏమైనా అయిందేమో!" అని ఆయమ్మ గుండెలు బాదుకుంది. ప్లంబరు సంచిలోంచి పనిముట్టు తీసి గడియ ఊడదీశాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది, కోటు కుర్చీకి వేలాడుతోంది, మనిషి లేడు. ప్రహరీ అవతలికి, వాగువైపు తీసే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం దగ్గర బూట్లు, బూట్లలో పొందిగ్గా మడిచిన మేజోళ్ళు.

టీచరు ఆగలేదు. ఎవరికన్నా ముందు పొదలు తప్పించుకుంటూ దిగువకు పరుగెత్తింది.

హెడ్మాస్టరుగారు దారిన పోయేవాళ్ళకు కనపడకుండా, పొదల చాటున ఒక బండరాయి మీద కూర్చుని ఉన్నారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళు వాగులో పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. చుట్టూ రాళ్ళ మధ్య కాగితం పడవలు చిక్కుకుని ఊగుతున్నాయి. అడుగుల చప్పుడుకు ఆయన ఒక్క కన్ను తెరిచారు.

"అమ్మా, నిజం చెప్పు. నీకు ఈ నీళ్ళు ఏ రంగులో కనపడుతున్నాయి?"

"ఆకుపచ్చ సార్."

"ఒట్టు?"

"ఒట్టు సార్. మేమే కలిపాం. తలా ఒక చిటికెడు."

"బతికించావమ్మా!" అని ఆయన రెండో కన్ను కూడా తెరిచారు. కళ్ళనిండా నీళ్ళు. "చేతులు చూసుకుంటే మామూలుగా ఉన్నాయి, కాళ్ళు చూసుకుంటే పచ్చగా ఉన్నాయి. పోయేది కళ్ళో కాళ్ళో తేలక ఇందాకట్నుంచీ ఇలాగే కూర్చున్నా. ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పాలా అని కూడా ఆలోచించుకున్నా."

"మీరు రోజూ ఇక్కడికి వస్తారా సార్?"

ఆయన తలొంచుకుని పడవలకేసి చూశారు. "ఈ కాస్త తడి లేకపోతే ఆ కుర్చీలో ఇన్నేళ్ళు కూర్చోగలిగేవాణ్ణి కాదమ్మా."

టీచరు ఇంకేదో అనబోయేలోగా పొదలు కదిలాయి. ముందు బాతు, తర్వాత జడ్జిగారు, ఆ వెనక తక్కినవాళ్ళంతా వచ్చేశారు. బడి వేళప్పుడు హెడ్మాస్టరు వాగులో పడవలాట ఆడుతూ దొరికారంటే, పచ్చగా ఉన్న ఆయన ఉద్యోగం ఎండిపోతుంది. ఇంజనీరు నోరు తెరిచాడు. టీచరు ఆయనకన్నా ముందే తెరిచింది.

"మా పాఠంలో దిగువ కేంద్రం ఇదే సార్. పైన మేం రంగు కలిపితే, ఇక్కడికి ఎంతసేపట్లో చేరుతుందో హెడ్మాస్టరుగారు స్వయంగా నీళ్ళలో దిగి చూస్తున్నారు."

పచ్చి అబద్ధం. రంగుకు తగ్గట్టే ఉంది.

హెడ్మాస్టరుగారు ఆమెకేసి ఒక్క క్షణం చూశారు. తర్వాత పచ్చటి మోకాళ్ళతో నిటారుగా లేచి నిలబడ్డారు. "అవునండీ. పర్మిషన్ నాదే, బాధ్యత కూడా నాదే. టీచర్ని ఒక్క మాట అనడానికి వీల్లేదు. ఇవి వేగం కొలిచే పరికరాలు."

జడ్జిగారు వంగి ఒక పరికరాన్ని తీసి చూశారు. దాని మీద 'అతి ముఖ్యం, వెంటనే జవాబివ్వండి' అని అచ్చయి ఉంది. ఆయన దాన్ని మళ్ళీ నీళ్ళలోనే వదిలారు. బాతు దాని వెంట పడింది.

పెద్దమనిషి అంత ధీమాగా నెత్తినేసుకునేసరికి ఇంజనీరు మెత్తబడ్డాడు. ఊరి కుళాయిలు విప్పమని ఫోనులో చెప్పి, ముఖం మీద ఎండిపోయిన నురగ గోక్కుంటూ, "రంగు కలిపే పనైతే ముందు మాకో మాట చెప్పండి సార్. కోట్ల సంగతి, బాతుల సంగతి మేం చూసుకుంటాం. ఇంతకీ ఈ పాఠం మీరు ఎన్నాళ్ళకోసారి చేస్తుంటారు?" అని అడిగాడు.

బుజ్జమ్మ ఏడుపు ఆగిపోయింది. టీచరు హెడ్మాస్టరుగారి ముఖం చూసింది, ఆ తర్వాత కాళ్ళు చూసింది.

"వారానికోసారి సార్," అంది ధైర్యం చేసి.

"రెండుసార్లు," అని సవరించారు హెడ్మాస్టరుగారు.

మాట ఇచ్చాక తప్పుతుందా? ఇప్పుడు నాలుగో తరగతి వారానికి రెండుసార్లు వాగు దగ్గర కనపడుతుంది. రంగు మాత్రం మానేశారు, ఎండుటాకులు వదులుతున్నారు. టీచరుకు ఉన్న ఇబ్బంది ఒక్కటే. గంట మోగగానే పిల్లలందరూ బుద్ధిగా బూట్లేసుకుని వరసలో నిలబడతారు గానీ, ఆ బండరాయి మీంచి మాత్రం "ఇంకొక్క ఐదు నిమిషాలు టీచర్!" అని వినపడుతుంది.