ఇరవై రెండు సెకన్ల తిరుగుబాటు

విప్లవం తేవడానికి సోషల్ మీడియాను మించిన సాధనం లేదు. కాదనేవాళ్ళు చేతిలో ఫోను కింద పెట్టి మాట్లాడాలి. పెట్టలేరు కదా! మరి ఒప్పుకోండి.

పూర్వం తిరుగుబాటంటే ఎంత శ్రమ! ఆకలి ఉండాలి, అన్యాయం ఉండాలి, నాయకుడొకడు ఉండాలి. కరపత్రం రాయాలి, దాన్ని చదవగలిగేవాడు దొరకాలి. ఏళ్ళ తరబడి అడవులు పట్టి తిరగాలి. ఇప్పుడో? ఇరవై రెండు సెకన్లు, వెనకాల కాస్త మ్యూజిక్కు. తిరగబడుతున్నట్టు తిరగబడేవాడికి కూడా తెలియనక్కర్లేదు!

నమ్మకం కుదరకపోతే అరకు అవతలి కొండల్లో తేనెపుట్టు అనే ఊరికెళ్ళి సోములమ్మను అడగండి. ఆమె మొగుడు బుధు అలాగే కమాండర్ అయ్యాడు.

చైత్రమాసంలో అక్కడ ఇటుకల పండగ, అంటే వేట పండగ. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు కట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి, పాట పాడి పండగ మామూలు అడుగుతారు. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాడి నెత్తిన పేడనీళ్ళు పోస్తారు. తాతల నాటి ఆనవాయితీ.

బుధు కాఫీ పళ్ళు కోయడంలో నేర్పరే గాని, బాణం వేస్తే ఎదురుగా ఉన్న చెట్టుకైనా తగలదు. అందుకని ఏడేళ్ళుగా ఆ పేడనీళ్ళు అతనివే, పోసే చెయ్యి సోములమ్మదే. ఊరంతా పడీ పడీ నవ్వుతుంది, అందరికన్నా ముందు బుధు నవ్వుతాడు. ఆ నవ్వంటే ఆమెకు ప్రాణం. అందుకే పండగనాడు పొద్దున్నే బకెట్టులో పేడ కలిపి సిద్ధంగా ఉంచుతుంది.

కిందటేడు ఆ తాడు దగ్గర ఆగిన కారులో సురేంద్ర ఉన్నాడు. మైదానం మనిషి, సొంత ఛానల్ ఉంది. అరకు దారిలోని టైడాలో చెట్లూ రైలూ షూట్ చేసి, వ్యూస్ రాక, కొత్త సరుకు కోసం పైకొచ్చాడు. తాడు చూశాడు. విల్లు పట్టుకుని నడుస్తున్న బుధును చూశాడు. ఇంకేముంది, ఫోను తీశాడు! ఆడవాళ్ళ పాట తీసేసి యుద్ధం మ్యూజిక్ పెట్టాడు. పైన "ఏజెన్సీలో సాయుధ తిరుగుబాటు! రోడ్ల దిగ్బంధం!" అని రాసి వదిలాడు.

సాయంత్రానికి తొమ్మిది లక్షల మంది చూశారు. తేనెపుట్టులో సిగ్నల్ కావాలంటే కొండ మీదికి ఎక్కాలి. కాబట్టి వాళ్ళు తిరగబడ్డ సంగతి వాళ్ళకు తప్ప దేశమంతటికీ తెలిసిపోయింది.

ఇక కామెంట్లలో అసలు యుద్ధం! ఒకాయన సోఫాలో పడుకుని "వెంటనే బాంబులు వెయ్యండి" అన్నాడు. మరో ఊళ్ళో మరో సోఫాలోంచి ఇంకొకాయన "కమాండర్‌కు విప్లవాభివందనాలు" అన్నాడు. అన్నం చల్లారిపోయేదాకా ఇద్దరూ పోరాడారు. దెబ్బలేమీ తగల్లేదు.

దెబ్బ తగలాల్సిన చోటికి మర్నాడు జీపులొచ్చాయి. బుధును ఎక్కించుకుపోయారు. సాక్ష్యంగా వాళ్ళ నాన్న చేసిచ్చిన విల్లును కూడా పట్టుకుపోయారు. సోములమ్మ పొద్దంతా కొండ దిగి స్టేషన్‌కు చేరింది. అక్కడి ఆఫీసరు ఫోనులో ఆమె మొగుడి ముఖాన్ని పెద్దది చేసి చూపించాడు.

"ఎవరితో తిరుగుతున్నాడో నిజం చెప్పు."

"ఈ మనిసా బాబూ తిరగబడీది?" అంది సోములమ్మ. "ఏడేళ్ళనుంచి బాణాలు మోత్తన్నాడు, కుందేలు ఎంటుకైనా తెంపలేదు. ఏటేటా నానే నెత్తిన పేడనీళ్ళు పోత్తన్నాను. ఊరోళ్ళనెవర్నైనా అడగండి, ఇదే సెప్తారు. బేగి ఒగ్గేయండి బాబూ."

స్టేషన్‌లో అందరూ నవ్వారు. అది ఊరివాళ్ళ నవ్వు కాదు. మూలన కూర్చోబెట్టిన బుధు తల ఎత్తలేదు. మొగుణ్ణి దక్కించుకోవడానికి సోములమ్మ పరాయివాళ్ళ ముందు అతని పరువు తీయాల్సి వచ్చింది. మూడో రోజు వదిలిపెట్టారు. విల్లు మాత్రం ఇవ్వలేదు.

సురేంద్రను కూడా మెచ్చుకోవాలి. "అది పండగట ఫ్రెండ్స్, సారీ" అని ఇంకో వీడియో పెట్టాడు. నలభై ముగ్గురు చూశారు. మొదటిది మాత్రం తీసేయలేదు. తొమ్మిది లక్షల వ్యూస్‌ను ఎవరు మాత్రం చేతులారా చంపుకుంటారు?

అప్పట్నుంచి ఎక్కడ కాల్పులు జరిగినా, అక్కడిదేనంటూ ఎవరో ఒకరు పెట్టే ఆ వీడియోలో బుధు నడుస్తూనే ఉన్నాడు. మొన్న ఏదో దేశపు అంతర్యుద్ధంలో కూడా నడిచాడు! సంత దాటి ఎరగని మనిషికి ఇంత కీర్తి పాత రోజుల్లో వచ్చేదా? అలా నడిచినప్పుడల్లా ఒక జీపు తేనెపుట్టు వచ్చి, అతను ఇంట్లోనే ఉన్నాడా అని చూసి పోతుంది.

ఏడాది తిరిగింది. మళ్ళీ చైత్రం వచ్చింది. సోములమ్మ అలవాటు కొద్దీ పొద్దున్నే బకెట్టులో పేడ కలిపింది. బుధు గుమ్మంలో కూర్చునే ఉన్నాడు.

"ఎల్లవేటి?"

"ఎవుడైనా పోటో తీత్తే?"

ఆ రోజు ఊళ్ళో ఏ మగవాడూ విల్లు ముట్టలేదు. దారికి తాడు కట్టలేదు, పాట లేదు. చూశారా, అసలు పుట్టనే పుట్టని తిరుగుబాటును ఇంత సమూలంగా అణచివేయడం ఏ సైన్యానికైనా సాధ్యమా? అందుకే మొదట్లోనే చెప్పాను, ఒప్పుకోండి అని.

పొద్దెక్కేదాకా చూసి, సోములమ్మ ఆ పేడనీళ్ళు తెచ్చి వాకిట్లో కళ్ళాపి చల్లింది. ఎవరూ నవ్వలేదు.