పెదనాన్న గొంతు

ఆ సోమవారం పొద్దున సౌండు ఇంజనీరు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. తొమ్మిదిన్నరకి అతని కూతురు పిడుగు నిద్రపోతుంది, పదకొండుకి లేస్తుంది. మళ్ళీ రెండింటికి పడుకుని మూడున్నరకి లేస్తుంది. ఆ మధ్యలో తను నాలుగు పనులు చక్కబెట్టుకుంటాడు. ఇదంతా ఒక కాగితం మీద రాసి తలుపుకి అంటించాడు కూడా. పిడుగుకి తొమ్మిది నెలలే కాబట్టి ఆ కాగితాన్ని ఖాతరు చేయలేదు.

అంతవరకూ పిడుగు రోజుకి మూడుసార్లు తండ్రి భుజం మీదే నిద్రపోయేది. అతను ఫోను చెవికి ఆనించుకుని, కస్టమర్లు చెప్పే కష్టాలు వింటూ ఇల్లంతా తిరిగేవాడు. రెండో కస్టమరు కష్టం పూర్తయ్యేలోగా పాప మెడ వాలిపోయేది. కానీ పాపకి టీకాలు వేసే నర్సమ్మ కొత్త పద్ధతి చెప్పింది. ఇక పగటి నిద్రలు మూడు కాదు, రెండే. భుజం అలవాటు మానిపించి మంచంలోనే పడుకోబెట్టాలి. గది ప్రశాంతంగా ఉండాలి. ఇదంతా వారంలోపు కుదరాలి, ఎందుకంటే వచ్చే సోమవారం పాప తల్లి ఆసుపత్రిలో మందుల కౌంటరు ఉద్యోగానికి తిరిగి వెళ్ళాలి.

ప్రశాంతత గురించి అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. జనం రికార్డు చేసి పంపే పాఠాల్లోంచి, ఉపన్యాసాల్లోంచి దగ్గులు, గొంతు సవరింపులు, కుర్చీ కిర్రుమనడాలు ఏరి పారేయడమే అతని వృత్తి. అందుకోసం ఇంట్లో ఒక గదిలో నాలుగు గోడలకీ మందపాటి స్పాంజి పలకలు అంటించి, పక్కనున్న చిన్న గదిలోంచి చూడటానికి అద్దం పెట్టించాడు. కటకటాలున్న పాప మంచాన్ని ఆ స్పాంజి గదిలోకి చేర్చాడు. చేతి గడియారం తీసి బయట పెట్టి, ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ మంచం పక్కన చాప మీద కూర్చున్నాడు. పిడుగు అంత నిశ్శబ్దం పుట్టి ఎరగదు. కటకటాలు పట్టుకుని లేచి నిలబడి, తండ్రి బతికే ఉన్నాడా అన్నట్టు కాసేపు పరిశీలించింది. తరువాత ఏడుపు లంకించుకుంది. సాయంత్రం దాకా అదే వరస.

మంగళవారం సంగతి కనుక్కుందామని వదినా, తోడల్లుడూ వచ్చారు. వదిన అంటే భార్యకి అక్క. అక్కాచెల్లెళ్ళకి పదహారేళ్ళ తేడా. ఆవిడ భర్త లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా చేసి కిందటేడు రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు తను చెప్పింది వినక తప్పని మనుషుల మధ్య బతికినవాడు, ఇప్పుడు వినేవాళ్ళు కరువై అలమటిస్తున్నాడు. సౌండు ఇంజనీరుకి ఆయనంటే మొదటినుంచీ గిట్టదు. అత్తవారింట్లో ఫాను కింద కుర్చీ ఆయనది, స్టూలు తనది. చివరికి సొంత కూతురి దగ్గర కూడా తను వట్టి నాన్న, ఆయన పెదనాన్న.

పెదనాన్న వస్తూనే ఏడుస్తున్న పాపని ఎత్తుకుని, స్పాంజి గదిలో కూర్చుని, లిఫ్టు తాడు ఎందుకు తెగదో చెప్పడం మొదలుపెట్టాడు. పెద్దవాడన్న మర్యాదకి సౌండు ఇంజనీరు ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టాడు. నాలుగో తాడు దగ్గరికి వచ్చేసరికి పిడుగు నిద్రపోయింది. మంచంలోకి మార్చినా కదల్లేదు. గంటన్నర ఒళ్ళు తెలియకుండా పడుకుంది.

"మా బావ గొంతులో ఏదో మహిమ ఉందండీ," అంది భార్య.

పుండు మీద కారం చల్లినట్టయింది అతనికి. అంతటితో ఆగలేదు. సోమవారం నుంచి పాపని పొద్దున్నే తమ ఇంట్లో దింపేయమనీ, రెండు వీధుల దూరమే కదా అనీ వదిన అంది. అక్కర్లేదని అతను అనేలోపే భార్య అందుకుంది.

"శనివారం లోపు మీ దగ్గర రెండు పూటలా పడుకుంటే సరే. లేదంటే అక్క దగ్గరికి పంపిద్దాం. నిద్ర చాలక పిల్ల అల్లాడిపోతోంది."

పగలంతా పాపతో గడపవచ్చనే అతను పెద్ద స్టూడియోలో ఉద్యోగం వదులుకుని ఇంట్లో పని పెట్టుకున్నాడు. ఇప్పుడా పగళ్ళన్నీ తీసుకెళ్ళి తోడల్లుడి ఒళ్ళో పోయాలి. రేపోమాపో పాప తన మొదటి అడుగు ఆ ఇంట్లో, ఆ లిఫ్టుల మనిషి ముందు వేస్తుందన్న ఊహనే అతను భరించలేకపోయాడు.

బుధవారం పొద్దున అతను గొంతుని అడుక్కి దించి, లిఫ్టు తాడు గురించి తనకి గుర్తున్నంత మేరకు చెప్పి చూశాడు. పిడుగు పకపకా నవ్వింది. అలా నవ్వుతూనే పదిన్నర దాకా మేలుకుంది. ఇక లాభం లేదని తోడల్లుడికి ఫోను చేశాడు. అంత అనుభవం వృథాగా పోకూడదనీ, మీరు చెబితే రికార్డు చేసి పెడతాననీ అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరూ ఆయన్ని ఇలా అడగలేదు. అరగంటలో ఇస్త్రీ చొక్కాతో, రెండు ఫైళ్ళతో దిగిపోయాడు.

రికార్డింగు రెండు గంటలు సాగింది. శ్రోత ఊఁ కొట్టడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఆయన ఆగిపోయి, "వింటున్నావా తమ్ముడూ?" అని అడిగేవాడు. అందువల్ల తమ్ముడు గొంతు ఎండిపోయేలా ఊఁ కొట్టాడు. చాప మీద పాకుతున్న పిడుగు, లిఫ్టుకి ఎదురు తూకంగా వేలాడే బరువు దిమ్మెల అధ్యాయం మధ్యలో ఎక్కడిదక్కడే వాలిపోయింది.

గురువారం భార్య బజారుకి వెళ్ళగానే అతను చిన్న స్పీకరు మంచం వెనక మడతదుప్పట్లో దాచి రికార్డు వినిపించాడు. పిడుగు పడుకుంది. శుక్రవారం రెండు పూటలా పడుకుంది. ఎలా సాధ్యమైందని భార్య అడిగితే, కాస్త ఓపిక ఉండాలంతే అని చెప్పాడు. ఆవిడ అతనివంక చూసిన చూపు దొంగసొమ్మే అయినా తియ్యగానే ఉంది. ఆవిడ వెంటనే అక్కకి చెప్పింది. అక్క శనివారం వచ్చి కళ్ళారా చూస్తానంది.

అద్దం అవతలి నుంచి చూసేవాళ్ళకి లోపలి చప్పుడు వినపడదు, కాబట్టి దొరికిపోతానన్న భయం అతనికి లేదు. అతన్ని తొలిచేసింది వేరే. రికార్డు మళ్ళీ వింటే, తోడల్లుడి ప్రతి మాట వెనకా తన ఊఁ వినిపించింది. బడిలో బుద్ధిమంతుడైన పిల్లాడు కొట్టే ఊఁ. తన కూతురు రోజూ రెండు పూటలా, నాన్న పెదనాన్నకి తలాడించడం వింటూ పెరగాలా అనిపించింది. పైగా ఏరి పారేయడం అతనికి చేతి అలవాటు. శుక్రవారం సాయంత్రం కూర్చుని నాలుగు వందల పన్నెండు ఊఁలు కోసేశాడు. పాత ప్రతి దాచుకోవడం పని రానివాళ్ళ లక్షణమని అతని అభిప్రాయం, అందుకని దాని మీదే భద్రం చేశాడు.

శనివారం తొమ్మిదిన్నరకి అద్దం అవతల భార్య, వదిన, తోడల్లుడు వరసగా నిలబడ్డారు. ఇవతల అతను పాపని మంచంలో పడుకోబెట్టి, చాటుగా స్పీకరు మీట నొక్కి, తపస్సులో ఉన్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. పిడుగు కాసేపు విన్నది. దుప్పటి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, ముక్కు ఎగబీల్చింది. తరువాత ఇల్లు ఎగిరిపోయేలా అందుకుంది. అతను శబ్దం పెంచాడు. పిడుగు కూడా పెంచింది.

చిన్న గదిలో బల్ల మీద ఒక ఎర్ర మీట ఉంది. అది నొక్కితే స్పాంజి గదిలోని మైకు తెరుచుకుని, లోపలి శబ్దమంతా బయటికి వినిపిస్తుంది. కళ్ళ ముందు మీట ఉండగా నొక్కకుండా వదిలేయడం ఇన్‌స్పెక్టరు వేలికి చేతకాదు. నొక్కాడు. పాప ఏడుపుతో పాటు, "ఇప్పుడు బ్రేకు సంగతి చూద్దాం," అన్న తన గొంతు తనకే వినిపించింది.

తలుపు తెరుచుకుంది. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు సౌండు ఇంజనీరు.

"అవునన్నయ్యా, మీ గొంతే," అన్నాడు చివరికి. "పాప మీ దగ్గర పడుకుంటే ఓర్వలేకపోయాను. నా దగ్గర పడుకోకపోయినా పర్వాలేదు, మీ దగ్గర మాత్రం పడుకోకూడదనిపించింది."

వదిన మాట్లాడబోయింది కానీ, ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆపాడు. ఆయన ఇంకా రికార్డే వింటున్నాడు. బ్రేకు సంగతి పూర్తయ్యేదాకా విని స్పీకరు కట్టేశాడు.

"అది సరేలే. మరి నీ ఊఁ ఏది?"

తమ్ముడు తల దించుకున్నాడు. కోసేశానని చెప్పాడు.

"రెండు గంటలు ఒక మనిషి నా మాట విన్నాడని మూడు రోజులుగా పొంగిపోతున్నాను," అన్నాడాయన కుర్చీలో కూలబడుతూ. "ఇది వింటే గోడకి చెప్పుకున్నట్టుంది."

ఆపైన ఆయన మనసులో ఉన్నదంతా కక్కేశాడు. తను లిఫ్టు మాట ఎత్తగానే ఇంట్లో మిక్సీ మోగుతుందట. పాత ఆఫీసుకి వెళితే వాచ్‌మన్ కూడా పని ఉన్నట్టు నటిస్తాడట. సిగ్గుతో చచ్చిపోతున్న తమ్ముడు ఒక్కో మాటకీ ఊఁ అంటూ నిలబడ్డాడు. నాలుగో ఊఁకి పిడుగు ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. ఏడో ఊఁకి కూర్చుంది. పదో ఊఁకి పక్కకి ఒరిగింది. ఇది భార్య ఒక్కతే గమనించి, బావని ఆగమని సైగ చేసింది. ఆయన ఆగాడు. పిడుగు కళ్ళు తెరిచింది.

"ఇంట్లో ఉప్పు అయిపోయింది," అంది భార్య మెల్లగా.

"ఊఁ," అన్నాడతను అయోమయంగా.

పిడుగు కళ్ళు మూతపడ్డాయి.

"సబ్బులు కూడా తేవాలి."

"ఊఁ."

పిడుగు నిద్రపోయింది.

భుజం మహిమా కాదు, పెదనాన్న మహిమా కాదు. పుట్టినప్పటినుంచీ పాప నిద్రపోతున్నది, కస్టమర్లకి నాన్న కొట్టే ఊఁకి. సంగతి బోధపడగానే అతనికి ఏనుగెక్కినంత సంబరం కలిగింది. సంబరం పట్టలేక తోడల్లుడి వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయి ఉంది. అయితే తన గొంతులో ఏమీ లేదన్నమాట అని గొణిగి, పాప వైపు కాక పాప తండ్రి గొంతు వైపు అసూయగా చూశాడు. సౌండు ఇంజనీరు జన్మలో ఎరగని ఆనందం అది.

పాప ఇంట్లోనే ఉంటుందని అక్కాచెల్లెళ్ళు తేల్చేశారు. మోసం చేసిన స్పీకరు ఆ గది గడప తొక్కకూడదని భార్య ఆజ్ఞాపించింది. అతను దేనికైనా సిద్ధమే. రెండింటికి ఒక్కడే వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, ధీమాగా ఊఁ కొట్టడం మొదలుపెట్టాడు. ఎదురుగా చెప్పేవాళ్ళు లేకుండా కొట్టిన ఊఁని పిడుగు మూడోదానికే పసిగట్టి లేచి నిలబడింది. తండ్రి నిజంగా ఎవరి మాటైనా వింటేనే ఆ ఊఁ పనిచేస్తుంది. సోమవారం నుంచి భార్య ఇంట్లో ఉండదు. తొమ్మిదిన్నరకీ, రెండింటికీ తప్పకుండా ఫోను చేసే కస్టమర్లు లోకంలో లేరు. రోజూ వచ్చి గంటల తరబడి మాట్లాడే తీరిక ఎవరికుందా అని అందరూ ఆలోచించారు. ఎక్కువసేపు ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

"నాకేం ఇబ్బంది లేదు తమ్ముడూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఫైళ్ళు సర్దుకుంటూ. "లిఫ్టులు అయిపోయినా ఎస్కలేటర్లున్నాయి."

ఇప్పుడు పిడుగు రెండు పూటలా హాయిగా నిద్రపోతోంది. ఆ గదిలో నిద్రపోవడానికి అనుమతి ఉన్నది దానికొక్కదానికే.