చివరి గాడి

అక్టోబరు తొమ్మిది, గురువారం. ఆ ఉదయం ఆయన రెండు రొట్టెముక్కలు కాల్చుకుని, ఒక గుడ్డు ఉడకబెట్టుకుని తిన్నాడు. గుడ్డు పెంకు ఎక్కడా అంటుకోకుండా ఒక్క పెట్టున ఊడి వచ్చింది. ఒంటరిగా తినేవాడికి అది చిన్న విషయం కాదు. ఈ రోజు సాఫీగా గడుస్తుందని ఆయన నమ్మడానికి ఆ పెంకే కారణం. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా ఆ తేదీ, ఆ గుడ్డు కలిసే గుర్తుకొచ్చేవి.

ఆ రోజుకు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, రికార్డుల షాపుకు వెళ్లి ఇరవై అట్టల మీద సంతకాలు పెట్టడం. రెండు, పాటల గది గుమ్మం పైన మాడిపోయిన ఎర్ర బల్బు మార్చడం. అది మాడి మూడున్నరేళ్లయింది. కొత్త బల్బు నిన్ననే కొన్నాడు. మరిచిపోకుండా ఉండాలని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆయన్ని అందరూ ఉరుము అంటారు. కుర్రతనంలో రాక్ బ్యాండులో గిటారు వాయించే రోజుల్లో వచ్చిన పేరు అది. మనిషి మాత్రం పక్కన కూర్చున్నవాడికి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడతాడు. ఆ బ్యాండులో ఇరవై ఎనిమిదేళ్లున్నాడు. నాలుగు రికార్డులు వచ్చాయి. అన్నిటి అట్టల మీదా పాడేవాడి మొహం నిండుగా ఉండేది, ఉరుముది మోచెయ్యి ఉండేది. ఒకదాని మీద మోచెయ్యి కూడా లేదు. గిటారు ఒంటరిగా మోగే చోటల్లా కంపెనీవాళ్లు కత్తెర వేసేవారు. "బాగుంది గురువుగారూ, కాస్త పొడుగైందంతే" అనేవారు.

అందుకే అరవై దాటాక సొంత రికార్డు, అదీ అసలు సిసలైన నల్లటి వినైల్ ప్లేటు, వేయించుకుంటున్నప్పుడు రెండు విషయాల్లో మొండికేశాడు. ఫ్యాక్టరీకి పంపిన టేపు డబ్బా మీద ఎర్ర సిరాతో రాశాడు: "ఒక్క ముక్క కూడా కత్తిరించవద్దు." అట్ట వెనక ఈ మాటలు అచ్చు వేయించాడు: "ఇందులోని ప్రతి శబ్దమూ నాదే. నేను తప్ప మరెవరూ లేరు."

ఆ మాటకు మొదట నొచ్చుకున్నవాడు దరువు. పాత బ్యాండులో డ్రమ్ములు వాయించినవాడు, ఇప్పుడు రికార్డుల షాపు నడుపుతున్నాడు. "డ్రమ్ములు కూడా నువ్వే వాయించుకున్నావా? నా చేతులు పడిపోయాయని నీకెవడు చెప్పాడ్రా?" అన్నాడు. అయినా ఆ రికార్డుల్నే గాజు కిటికీలో ముందు వరసలో పెట్టాడు. షాపులో ప్లేయరు బెల్టు తెగిపోయి ఉండటంతో తను మాత్రం ఇంకా వినలేదు.

ఫ్యాక్టరీ పంపిన నమూనాను ఉరుము ఇంట్లో మూడుసార్లు విని సరేనన్నాడు. ఆయన ప్లేయరు మహా మర్యాదస్తురాలు. ఆఖరి స్వరం అయిపోగానే దాని చెయ్యి తనంతట తానే పైకి లేచి, పక్కకు వెళ్లి పడుకుంటుంది. అన్ని ప్లేయర్లకూ అంత మర్యాద ఉండదు. కొన్నిటిలో మనిషి లేచి వెళ్లి ముల్లు ఎత్తేదాకా అది చివరి గాడిలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఉరుముకు ఈ సంగతి తెలియక కాదు, తట్టలేదు.

తొమ్మిదిన్నరకు దరువు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నీ రికార్డులో ఎవరో ఆడమనిషి ఉందట."

"ఎవరన్నారు?"

"పళ్ల డాక్టరు. పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే పన్ను ఆయనకే పీకినట్టుంది."

జరిగింది ఇది. ముందురోజు సాయంత్రం డాక్టరు రికార్డు పెట్టుకుని, అది అయిపోయినా లేవకుండా పేపర్లో మునిగిపోయాడు. వంటింట్లో ఉన్న ఆయన భార్యకు ముందుగదిలోంచి వేరే ఆడగొంతు వినపడింది. "ఏమండీ, చల్లారిపోతోంది." ఒకసారి కాదు, నిమిషానికి ముప్ఫై మూడుసార్లు. ఆవిడ గరిటెతో సహా వచ్చింది. డాక్టరు రికార్డు వైపు వేలు చూపించాడు. ఆవిడ అట్ట తిప్పి చదివింది. "మరెవరూ లేరని వాళ్లే రాశారు కదా. రికార్డులో లేకపోతే ఇంట్లోనే ఉండాలి. ఎక్కడ దాచారు?" అని అటక దాకా వెతికింది.

ఆ గొంతు ఏమంటోందో దరువు చెప్పబోయాడు. ఉరుము చెప్పనివ్వలేదు. "అద్దెకు గాయకురాల్ని తెచ్చుకున్నానంటున్నారా? ఇరవై ఎనిమిదేళ్లు మోచెయ్యిగా బతికాను. నా పేరుతో వచ్చిన ఒక్క ప్లేటులోనూ వాటాకొస్తారా?" అని ఫోన్ పెట్టేశాడు.

ఆయనకు తన గది మీద ఉన్న నమ్మకం అలాంటిది. టేపు తిరుగుతుంటే గుమ్మం మీద ఎర్ర బల్బు వెలిగేది. అది వెలుగుతుండగా ముప్ఫై ఏళ్లలో ఏనాడూ భార్య ఆ తలుపు తియ్యలేదు. పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి, మునివేళ్ల మీద వెనక్కి వెళ్లిపోయేది. నాలుగు వందల గంటల టేపులున్నాయి ఇంట్లో. ఆవిడ పోయి మూడేళ్లయ్యాక, ఆ గొంతు కోసం వాటన్నిటినీ వెతికాడు. ఎక్కడా దగ్గు కూడా లేదు. అంత జాగ్రత్తగల మనిషి. సొంత రికార్డును మాత్రం వెతకలేదు. తన రికార్డులో తను కాక ఇంకెవరుంటారు?

పది దాటాక రెండో ఫోన్.

"ఒరేయ్, బ్యాంకు అబ్బాయి వచ్చాడు. పెళ్లి కానివాడు. వాడి కొంప మునిగింది."

అతను సెలవు పూట మధ్యాహ్నం రికార్డు పెట్టుకుని నిద్రపోయాడు. మూడు గంటల పాటు లోపల్నుంచి ఒక ఆడమనిషి పిలుస్తూనే ఉంది. మెట్ల మీద ఇరుగుపొరుగు పోగయ్యారు. "పాపం, వండి పెట్టుకుని పిలుస్తుంటే ఉలకడు, పలకడు. రాతి గుండె" అన్నారు. "పెళ్లి కాలేదని చెప్పి ఇల్లు తీసుకున్నాడే!" అన్నాడు ఇంటివాడు. ఎవరో పుణ్యాత్ములు అతని తల్లికి కబురు పెట్టారు. ఆవిడ మొదటి బస్సెక్కి, కోడల్ని చూడటానికి చీర కూడా కొనుక్కుని దిగింది.

పదకొండింటికి రేడియోలో పాటల కబుర్లు చెప్పే అమ్మాయి, ముందే ఒప్పుకున్న ప్రకారం, నేరుగా ప్రసారంలోనే ఫోనులో పలకరించింది. "మీ రికార్డు చివర ఒక ఆడగొంతు ఉందని శ్రోతలు అడుగుతున్నారండీ. ఎవరావిడ?"

ఉరుము జీవితంలో మొదటిసారి తన పేరుకు తగ్గట్టు మాట్లాడాడు. "ఎవరూ లేరు! ముప్ఫై ఏళ్లు ఆ గదిలో నేనొక్కణ్నే కష్టపడ్డాను. నా సంగీతంలో ఏ ఆడమనిషి చెయ్యీ లేదు, గొంతూ లేదు!"

రేడియో ఇటు ఆగిందో లేదో, అటు మరదలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. చనిపోయిన భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు.

"బావగారూ, ఇప్పుడు రేడియోలో మాట్లాడింది మీరేనా?"

"నేనేనమ్మా. విషయమేమిటంటే..."

"ఏ ఆడమనిషి చెయ్యీ లేదా? ముప్ఫై ఏళ్లు ఆ గుమ్మం దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడింది ఎవరండీ, గోడా?"

"అది కాదమ్మా, వాళ్లు అడిగింది వేరు..."

"సాయంత్రం షాపుకొస్తున్నాను. అక్కడే చెప్పండి, నలుగురిలో."

ఉరుము తల పట్టుకుని కూర్చున్నాడు. ఎవరో ఎక్కడో చేసిన పొరపాటుకు తన పేరు పోతోంది. ఇక ఒక్కటే దారి. ఫ్యాక్టరీ మేనేజరుకు ఫోన్ చేసి, ఎవరో పరాయిదాని గొంతు తన రికార్డులో కలిపేశారని మండిపడ్డాడు. మేనేజరు నెమ్మదస్తుడు. "మీ మాటే మాకు శాసనం సార్. రాసివ్వండి. సాయంత్రం ఆరింటికి అచ్చు విరగ్గొట్టించి, మా దగ్గరున్న రికార్డులన్నీ కరిగించేస్తాం. కొత్తగా చేసిస్తాం" అన్నాడు. ఉరుము అప్పటికప్పుడు రాసి పంపాడు: "పరాయి మనిషి గొంతు కలిసింది. కత్తిరించండి." తన జీవితంలో కత్తెర వెయ్యమని తానే అడగడం అదే మొదలు. దరువుకు కూడా చెప్పాడు, ఫిర్యాదు ఉన్నవాళ్లందరినీ రికార్డులతో ఐదింటికి రమ్మని. తను విన్న నమూనాను అందరి ముందూ వినిపించి, తన మాట నిలబెట్టుకుని, ఆ తర్వాతే వాళ్ల రికార్డులు మార్చిస్తాడు.

ఐదింటికి షాపు నిండిపోయింది. పళ్ల డాక్టరు, ఆయన వెనక కాదు ముందు ఆయన భార్య. బ్యాంకు అబ్బాయి, చీర సంచీతో వాళ్లమ్మ. మూత బిగించిన, వేడి ఆరని డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకుని, మొహం తిప్పుకుని కూర్చున్న మరదలు. ఆ మధ్యాహ్నమే వచ్చిన కొత్త బెల్టును దరువు ప్లేయరుకు తొడిగేసరికి ఐదూ ముప్ఫై ఐదు. అది పాతకాలపు ప్లేయరు, మర్యాద తెలియనిది.

"ఆఖరి పాట పెడుతున్నాను. పూర్తిగా వినండి. తర్వాత మీ ఇష్టం" అన్నాడు ఉరుము.

ఆరు నిమిషాల పాట. గిటారు ఒక్కటే. మొదట విసురుగా మొదలై, పోనుపోను, ఎక్కడికో వెళ్లాల్సిన మనిషి వెళ్లకుండా కూర్చుండిపోయినట్టు నెమ్మదించింది. డాక్టరు భార్య నడుం మీది చేతులు దించింది. ఆఖరి స్వరం సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. చూశారా అన్నట్టు ఉరుము వేలు పైకెత్తాడు.

తలుపు కిర్రుమంది, రికార్డులో.

"ఏమండీ, చల్లారిపోతోంది."

ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏమండీ, చల్లారిపోతోంది."

"అక్కా" అంది మరదలు.

ఉరుము వేలు మెల్లగా దిగి చొక్కా జేబులోని బల్బును తాకింది. ఈ పాట వాయించిన వారమే పాత బల్బు మాడిపోయింది. మార్చమని భార్య రెండుసార్లు చెప్పింది. రేపు మారుస్తానని రెండుసార్లూ అన్నాడు. వెలగని బల్బు చూసి, పని అయిపోయిందనుకుని, ఆవిడ తలుపు తీసింది. ముప్ఫై ఏళ్లలో ఆ ఒక్కసారే. డబ్బా మీది ఎర్ర సిరా చదివిన ఫ్యాక్టరీవాడు ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. నాలుగు వందల గంటల్లో దొరకని గొంతు, రెండు సెకన్లు కూడా లేనిది, సరిగ్గా చివరి గాడిలో పడి ఆగకుండా తిరుగుతోంది.

"మీ ఆవిడా అండీ?" అంది డాక్టరు భార్య, గొంతు తగ్గించి.

ఆయన తలూపాడు.

"ఎన్నిసార్లు పిలిస్తే లేచేవారు?"

"అది ఆయనకేం తెలుసు? అక్కే లెక్కపెట్టడం మానేసింది" అంది మరదలు, కళ్లు తుడుచుకుంటూ.

దరువు గడియారం చూసి ఉలిక్కిపడ్డాడు. "ఒరేయ్! ఆరింటికి కరిగించేస్తామన్నారు కదరా! పది నిమిషాలే ఉంది!"

దరువే నంబరు నొక్కి ఫోన్ ఉరుము చేతికిచ్చాడు. అవతల మేనేజరు అదే నెమ్మదితో ఉన్నాడు. "ఒక పెట్టె ఇప్పుడే కరిగించాం సార్. మిగతావి వరసలో ఉన్నాయి."

"ఆపండి! దయచేసి ఆపండి."

"పరాయి మనిషి గొంతని పొద్దున మీరే రాశారు కదా సార్?"

"పరాయి మనిషి కాదండీ."

"మరెవరు?"

వెనకనుంచి ఆవిడ ఇంకోసారి పిలిచింది. ఫోనులో మేనేజరుకు కూడా వినపడి ఉంటుంది.

"మా ఆవిడ" అన్నాడు ఉరుము.

"ఆపిస్తాను సార్" అన్నాడు మేనేజరు. తర్వాత, అలవాటు కొద్దీ, "కానీ రాసివ్వాలి" అన్నాడు. ఉరుము రాసిచ్చాడు: "ఇంటి మనిషే. కత్తిరించవద్దు."

తర్వాత ఫిర్యాదుల వాళ్ల వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీకు మాట ఇచ్చాను. మీ రికార్డులు తీసుకుని వేరేవి..."

డాక్టరు భార్య రికార్డును గుండెలకు హత్తుకుంది. "ఏమీ మార్చక్కర్లేదు. పేపరు పట్టుకుంటే ఈయన్ని లేపడానికి నా గొంతు పోతోంది. ఇకనుంచి దీన్ని పెట్టి నా పని నేను చూసుకుంటాను." డాక్టరు మొహంలో రెండో పన్ను పీకిన కళ కనిపించింది.

"మావాడి దగ్గరా ఉండనివ్వండి బాబూ. ముందునుంచే అలవాటవుతుంది" అంది బ్యాంకు అబ్బాయి తల్లి. చీర సంచీ వైపు ఒకసారి చూసుకుని నిట్టూర్చింది.

అందరూ వెళ్లాక ఉరుము ఇరవై అట్టలు ముందేసుకుని కూర్చున్నాడు. "నేను తప్ప మరెవరూ లేరు" అన్న వాక్యాన్ని ఎర్ర సిరాతో ఒక్కొక్క అట్ట మీదా కొట్టేసి, దాని కింద సంతకం పెట్టాడు. ప్లేయరు తిరుగుతూనే ఉంది. ముల్లు ఎత్తడానికి దరువుకు గానీ మరదలికి గానీ చెయ్యి రాలేదు. ఇరవయ్యో సంతకం పెట్టి, కలం మూతపెట్టి, ఆయనే లేచి వెళ్లాడు.

"వస్తున్నా" అని, ముల్లు ఎత్తాడు.

అప్పటిదాకా గల్లా బల్ల మీద వేలితో తాళం వేస్తున్న దరువు చెయ్యి ఆగింది. "ఎనిమిది వందల ఇరవై ఆరు" అన్నాడు. లెక్క తప్పే మనిషి కాదు.

"నయమే. కాస్త మెరుగుపడ్డారు" అని మరదలు డబ్బా ఆయన చేతికిచ్చింది. "వేడిగా ఉంది. ఇంటికెళ్లగానే తినండి. రేపు రేడియో అమ్మాయికి మళ్లీ ఫోన్ చేసి, మా అక్క ఉందని చెప్పండి."

"చెప్తాను."

ఇంటికి వెళ్లాడు. డబ్బా మూత తీస్తే ఆవిరి కళ్లద్దాలకు పట్టింది. వాటిని తుడుచుకోకుండానే, వేడి వేడిగా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఎనిమిదింటికి పాటల గదిలో దీపం ఆర్పి, జేబులోని కొత్త బల్బును బల్ల సొరుగులో, గుడ్డ చుట్టి, భద్రంగా పెట్టాడు. తలుపును చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.

బల్బు సంగతి రేపు చూసుకోవచ్చు.